అరవైకే మంచమెక్కడం ఎలా?
ఇరవైల్లోనే మొదలుపెట్టాల్సిన పన్నెండు చిట్కాలు

డెబ్బై అయిదేళ్లొచ్చినా మెట్లెక్కుతూ, పాతిక కిలోల బియ్యం బస్తా ఆటోలోంచి తామే దింపుకుంటూ, పెళ్లిభోజనానికి బంతిలో కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేచే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లు బాగుపడిందేమిటో చూడండి. పొద్దున్నే పాలప్యాకెట్లకు వాళ్లనే పంపుతారు. మనవణ్ని బడి దగ్గర దింపేదీ వాళ్లే. రేషన్ షాపు, గ్యాస్ బండ, కరెంటు బిల్లు, అన్నీ వాళ్ల నెత్తినే. అదే అరవైకి మంచమెక్కిన మనిషికి కాఫీ చేతికొస్తుంది, రిమోట్ చేతికొస్తుంది. "పెద్దాయన లేవలేరు పాపం" అంటూ చుట్టాలే ఇంటికొచ్చి పలకరించిపోతారు. మనిషి జీవితంలో సాధించాల్సింది ఇదే.

అయితే ఇది ఊరికే దక్కదు. శరీరం మహా మొండిది. కాస్త పని చెబితే చాలు, కండ పెంచుకుంటుంది, ఎముక గట్టిపరుచుకుంటుంది. దాన్ని లొంగదీయాలంటే ఇరవైల నుంచే పద్ధతిగా కూర్చోవాలి. ధైర్యంగా ఉండండి, మీకు తోడు చాలామంది ఉన్నారు. 2022లో మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదని 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రిక లెక్క చెప్పింది. 2000లో అది 22 శాతమే. మిగిలిన సగం మంది కోసం ఈ చిట్కాలు.

1. మొదలుపెట్టే రోజును పంచాంగానికి వదిలేయండి

వ్యాయామం చేయనని ఎప్పుడూ అనకండి. అంటే ఇంట్లో గొడవ. "మొదలుపెడుతున్నా" అనండి. సోమవారం నుంచి అనండి. సోమవారం వర్జ్యం ఉంటుంది. మంగళవారం ఏ మంచిపనీ మొదలుపెట్టం. ఆషాఢం శూన్యమాసం. కార్తీకంలో ఉపవాసాలు, నీరసం. ధనుర్మాసంలో చలి. సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగాలి. మార్చిలో పిల్లల పరీక్షలు, ఏప్రిల్, మేలలో ఎండలు, ఆ వెనకే వానలు. ఏడాది దానంతటదే నిండిపోతుంది. ఉగాది పంచాంగ శ్రవణంలో మీ రాశికి ఆరోగ్యం బాగుందని చెబితే ఇక కసరత్తు అవసరమే లేదు. బాగాలేదని చెబితే గ్రహాలు మారేదాకా ఆగండి.

2. అడుగులు ఫోను వేయాలి, మీరు కాదు

వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరుగా ఆయాసం వచ్చేలా కదలాలని, వారంలో రెండు రోజులైనా కండరాలకు బలం పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 150ని ఏడుతో భాగిస్తే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా రాదు. ఇంత తక్కువని ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకండి. "రోజుకు పదివేల అడుగులట, ఎవరివల్ల అవుతుంది?" అని ఆ పెద్ద అంకెనే పట్టుకోండి. పదివేలన్నది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి వాడిన అంకె. సాకుగా వాడుకోవడానికి ఇంతకన్నా మంచిది దొరకదు.

ఆఫీసులో అడుగుల పోటీ పెడితే, క్రికెట్ ఆడుకోవడానికి పోతున్న మీ అబ్బాయి జేబులో ఫోను పెట్టి పంపండి. సాయంత్రానికి స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. జూన్ 21న యోగా దినోత్సవం వస్తుంది. చాప పరిచి వృక్షాసనంలో ఒక ఫొటో దిగండి. ఒక చెయ్యి గోడకు ఆనించి, గోడ ఫొటోలో పడకుండా చూసుకోండి. ఆ ఫొటో మళ్లీ జూన్ దాకా పనికొస్తుంది.

3. జిమ్‌లో మొదటి రోజే చివరి రోజు కావాలి

జిమ్‌కు వెళ్లక తప్పకపోతే ఏడాది ఫీజు ఒకేసారి కట్టేయండి. డబ్బు కట్టిన తృప్తితో మూడు నెలలు గడిచిపోతాయి. వెళ్లిన రోజు వార్మప్ చేయకండి. కోచ్ చిన్న బరువులతో మొదలుపెట్టమంటాడు. ఆయన మాట పక్కనపెట్టి, ఏళ్లుగా వస్తున్న కుర్రాడు ఎంత ఎత్తుతున్నాడో అంతే ఎత్తండి. మోకాళ్లు వంచకుండా, నడుం వంచి, ఒక్క ఊపున లాగండి. నడుం పట్టేస్తుంది. "జిమ్‌కెళ్లే నా నడుం పోయింది" అనే మాట ఇక జీవితాంతం మీ సొంతం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒళ్లు నొప్పులు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే మళ్లీ అంతగా రావు. అందుకే రెండో వారం దాకా ఉండకూడదు.

ఇంట్లో ట్రెడ్‌మిల్ కొంటే ఇంకా మంచిది. కుడి హ్యాండిల్‌కు తడి తువ్వాళ్లు, ఎడమ హ్యాండిల్‌కు గొడుగు, మీటలున్న పలక మీద హెల్మెట్, నడిచే బెల్టు మీద ఉల్లిపాయల బుట్ట. ఇవన్నీ తీస్తే తప్ప ఎక్కడానికి వీలుండదు. తీసి ఎక్కడ పెట్టాలో ఇంట్లో ఎవరికీ తెలియదు.

4. ముప్పై దాటగానే కండను వదిలేయండి

పట్టించుకోకపోతే, ముప్పై దాటాక ప్రతి పదేళ్లకూ 3 నుంచి 8 శాతం కండ తరిగిపోతుంది. అరవై దాటాక ఇంకా వేగంగా తరుగుతుంది. వైద్యులు దీన్ని సార్కోపీనియా అంటారు. మన లక్ష్యానికి ఇదే పునాది. దీన్ని గట్టిగా అడ్డుకునేవి రెండు: బరువులతో కసరత్తు, చాలినన్ని మాంసకృత్తులు. రెంటినీ దగ్గరికి రానీయకండి. పప్పు ఒక గరిటె తగ్గించి అన్నం ఒక హస్తం పెంచండి. గుడ్డు ముందు పెడితే "ఇవాళ శనివారం" అనండి. దండాలు, బస్కీలు పాతకాలపు తాలింఖానా వ్యవహారమని కొట్టిపారేయండి.

ఎవరైనా మరీ పట్టుబడితే మనవాళ్ల ఘనత చెప్పండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారు కలియుగ భీముడనిపించుకున్నారు. ఆ శ్రీకాకుళం సీమ నుంచే వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. మన అందరి తరఫునా వాళ్లు ఎత్తేశారు. గర్వపడండి. నీళ్ల బిందె మాత్రం ఇంకొకరి చేత మోయించండి.

5. నేల మీద కూర్చోవడం మానేయండి

మన పాత ఇళ్లలో ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. అన్నానికి మఠం వేసుకుని కూర్చోవాలి. ముగ్గుకు వంగాలి. దొడ్డికి వెళ్తే గొంతుక్కూర్చోవాలి. తుంటి, మోకాలు, చీలమండ రోజుకు ఎన్నోసార్లు పూర్తిగా వంగి లేచేవి. జిమ్ పేరు వినని ముసలమ్మలు కూడా దీనివల్ల గట్టిగా తిరిగేవాళ్లు. డైనింగ్ టేబులు, లోతైన సోఫా, ఎత్తయిన కమోడు ఈ ఇబ్బంది తీర్చాయి. పూజకు కూడా స్టూలు వేయించుకోండి.

సోఫాలోంచి లేవడం ఒక విద్య. రెండు అరచేతులూ సోఫా చేతుల మీద గట్టిగా ఆనించండి. "రామా" అనండి. తొడలకు ఏ పనీ చెప్పకుండా భుజాల బలంతో పైకి నెట్టుకోండి. సగం లేచి మళ్లీ కూలబడండి. ఎవరో ఒకరు చెయ్యందిస్తారు. పట్టుకున్న ఆ చెయ్యి వంటింటిదాకా వదలకండి. చేతుల ఆసరా లేకుండా మాత్రం ఎప్పుడూ లేవకండి. కుర్చీలోంచి అలా లేచి కూర్చుంటే తొడలకు అది బస్కీ కిందే లెక్క. రోజుకు పదిసార్లు చేస్తే తొడలు గట్టిపడటం మొదలవుతుంది.

6. "నడిస్తే గుజ్జు అరుగుతుంది" అని ఊరంతా చెప్పండి

మోకాలిలో ఎముకల చివర ఉండే మృదులాస్థినే మనవాళ్లు గుజ్జు అంటారు. దానికి రక్తనాళాలు లేవు. కీలు కదిలి, బరువు పడుతూ తీస్తూ ఉంటేనే చుట్టూ ఉన్న ద్రవం లోపలికి ఇంకి పోషణ అందుతుంది. కాబట్టి కదపకండి. దాంతోపాటు ఒళ్లు పెంచండి. లావుగా ఉండి మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు ఒక కిలో తగ్గితే, ఒక్కో అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. ఆ లెక్కను తిరగేసి చదువుకోండి. వాకింగ్‌కని కేబీఆర్ పార్కుకు వెళ్లినా, మీ ఊరి కాలేజీ గ్రౌండుకు వెళ్లినా గేటుకు దగ్గరి బెంచీ పట్టుకోండి. వచ్చేటప్పుడు పునుగులు తినిరండి.

తిరుమలకు నడిచొస్తానని మొక్కుకున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మొదటి పది మెట్లకు పసుపు కుంకుమ పెట్టి, ఫొటో దిగి, కిందికి దిగి బస్సెక్కండి. "స్వామికి నా మోకాళ్ల సంగతి తెలుసు" అంటే ఎదురు మాట్లాడేవాళ్లుండరు.

7. నడుం పట్టేస్తే మూడు వారాలు మంచం దిగకండి

మామూలు నడుంనొప్పికి వీలైనంత తిరుగుతూనే ఉండమని ఇప్పటి వైద్యులు చెబుతారు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం అప్పటికప్పుడు ఆస్పత్రికి రమ్మంటారు. ఆ రెంటికీ పరుగెత్తి వెళ్లాల్సిందే, అందులో మినహాయింపు లేదు. మిగిలిన నొప్పులన్నిటికీ మంచమే మందు.

దీనికి గట్టి రుజువుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు లాగేసిన సత్తువకన్నా, ఆ మూడు వారాల పడక లాగేసిందే ఎక్కువని తేలింది. ఇంత తక్కువ కాలంలో ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు. "ఏమండీ, కాస్త హాల్లోకన్నా రండి" అని ఇంటావిడ పిలిస్తే "డాక్టరు కదలొద్దన్నాడు" అనండి. ఏ డాక్టరని అడిగితే కళ్లు మూసుకోండి.

8. ఎముకకు బరువూ ఎండా తగలనీయకండి

ఎముక తనమీద పడే భారాన్ని బట్టి తనను తాను మలచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. భారం లేకపోతే పలచబడుతుంది. అంతరిక్షంలో వ్యోమగాములకు నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పడిపోతుంది. దాన్ని ఆపడానికి వాళ్లు అక్కడ రోజూ రెండు గంటలు కసరత్తు చేస్తారు. మీకు ఆ శ్రమ లేదు. లిఫ్టులో సెల్లార్‌కు దిగి, అక్కడే కారెక్కి, ఆఫీసు సెల్లార్‌లో దిగి, మళ్లీ లిఫ్టెక్కండి. ఎండ పొడ ఒంటికి తగలదు, విటమిన్ డి తయారవదు, కాల్షియం తిన్నా ఒంటికి సరిగా పట్టదు.

తినకపోతే ఇంకా మేలు. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలో ఉంది. అదే పట్టికలో పాలిష్ పట్టిన బియ్యానికి పది కూడా లేదు. రాగి సంకటి, రాగి జావ మన ఇంటికి పనికిరావని చెప్పి బియ్యం వైపే ఉండండి.

9. కారణం వెతక్కండి, గోళీ వేసుకోండి

నొప్పి ఎందుకొచ్చిందో తెలుసుకుంటే దానికి కసరత్తు చెబుతారు. అందుకని డాక్టరు దాకా పోకుండా మందుల షాపులోనే పని ముగించండి. "మొన్న ఇచ్చావే, ఆ తెల్లది" అంటే చాలు. నొప్పి గోళీలు నెలల తరబడి రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మంచానికి అది ఇంకో దారి. వేసుకున్న పూటే నొప్పి మాయం చేసే పేరులేని పొడి ఎవరైనా ఇస్తే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. అది ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, తుంటి కీలులో ఎముకకు రక్తం అందక చచ్చుబడే ముప్పూ ఉంది. నడక నేర్పే మనిషికన్నా ఈ పొడి మన దారికి ఎంతో దగ్గర.

10. ఫిజియోథెరపీ అమ్మాయికి చిక్కకండి

ఆవిడ చెప్పే కసరత్తులు చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టుకోవడం, మోకాలితో దాన్ని కిందికి నొక్కి పట్టడం, కొన్ని అంకెలు లెక్కపెట్టి వదలడం. మంచం మీదే చేసేయొచ్చు. ఇంత తేలికైన పని నిజంగా చేస్తే తొడ ముందు కండరం గట్టిపడి మోకాలికి ఆసరా వచ్చేస్తుంది. కాబట్టి సంభాషణ ఇలా నడపండి:

"రోజూ చేస్తున్నారా అంకుల్?"
"చేస్తూనే ఉన్నానమ్మా."
"ఎన్నిసార్లు?"
"నువ్వు చెప్పినన్నిసార్లే."
"ఏదీ, ఒకసారి చేసి చూపించండి."
"ఇవాళ కాస్త జ్వరంగా ఉందమ్మా."

ఆవిడ రాసిచ్చిన కాగితం మడిచి ఫ్రిజ్ వెనక్కి జార్చండి. ఇలాంటి కసరత్తులకు ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. మూడో సిట్టింగ్‌కే మానేసి "ఫిజియోథెరపీ కూడా చేయించాం, ఏం లాభం లేదు" అని అందరికీ చెప్పండి.

11. ఒంటికాలి మీద నిలబడకండి

బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. ఆ తర్వాత ఏడేళ్ల పాటు గమనిస్తే, నిలబడలేనివాళ్లలో 17.5 శాతం, నిలబడగలిగినవాళ్లలో 4.6 శాతం చనిపోయారని 2022లో ప్రకటించారు. తూలడం ఎంత పని చేస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులు నిలకడ పెంచే కసరత్తు చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను అందుకే వినకూడదు. ప్యాంటు ఎప్పుడూ మంచం మీద కూర్చునే తొడుక్కోండి. పళ్లు తోముకుంటూ ఒక కాలెత్తి నిలబడే అలవాటు ఉంటే మానేయండి. అరిగిన హవాయి చెప్పులు పారేయకండి. బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగిస్తానని కొడుకు అంటే "నాకింకా అంత వయసు రాలేదురా" అని కసరండి. తుంటి విరిగిన రోజున అరవై దాకా ఆగాల్సిన పని కూడా ఉండదు.

12. ఇంటిల్లిపాదినీ కలుపుకోండి

ఒక్కరే మంచమెక్కితే చాకిరీ చేసేవాళ్లు గట్టిగా ఉండాలని మీకు అనిపించొచ్చు. అది పొరపాటు. గట్టిగా ఉన్నవాళ్లు మిమ్మల్ని లేపి నడిపిస్తారు. ఇంటావిడతో "నువ్వు రోజంతా ఇంటిపని చేస్తున్నావు, నీకు వేరే వ్యాయామం ఎందుకు?" అనండి. ఇదే మాట దేశమంతా అంటోంది. 2022 లెక్కలో చాలినంత కదలని మగవాళ్లు 42 శాతమైతే ఆడవాళ్లు 57 శాతం. ముట్లుడిగాక మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది. నడకా, బరువులూ సరిగ్గా అప్పుడే ఆడవాళ్లకు బాగా అక్కరకొస్తాయి. ఆ వయసులోనే ఆవిడకు మనవల బాధ్యత అప్పగించి, తనకంటూ అరగంట కూడా మిగలకుండా చూడండి.

పిల్లల విషయంలో బడి మీకు సాయపడుతుంది. గేమ్స్ పీరియడ్ లెక్కల సారుకు ఇచ్చేస్తారు. ఇంటర్‌కు ఆటస్థలం లేని కాలేజీ చూసి చేర్చండి. ఎముకల బలంలో దాదాపు 90 శాతం ఇరవై ఏళ్లలోపే సమకూరుతుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు గంటసేపు ఆడాలంటారు. ఆ గంట ట్యూషన్‌కు ఇచ్చేస్తే, మీకు అరవైకి దక్కింది వాళ్లకు యాభైకే దక్కుతుంది.

ఒక్క హెచ్చరిక

ఇవన్నీ పాటించి మంచమెక్కాక కూడా ఏమరుపాటు పనికిరాదు. 1990లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఒక వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న బలహీనుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నడకా మెరుగుపడింది. అంటే తొంభై ఏళ్ల ఒళ్లు కూడా పని చెబితే మాట వింటుంది. మీరు నలభై ఏళ్లు కూర్చుని సంపాదించినదాన్ని, డాక్టరును అడిగి మొదలుపెట్టిన కొద్దిపాటి నడక, వారానికి రెండు రోజుల కసరత్తు రెండు నెలల్లోనే తిరగదోడటం మొదలుపెట్టగలవు. కాబట్టి ఏ వయసులోనైనా సరే, ఎవరెంత చెప్పినా సరే, ఆ ఎనిమిది వారాలు మాత్రం మొదలుపెట్టకండి.